ప్లాస్టిక్ తీయని సీటు

నా చిన్నప్పుడు, ప్రత్తిపాడు అవతల మా ఊళ్ళో మిరప బాగా పండిన ఏడు, మా పెదనాన్న గుంటూరు వెళ్ళి కొత్త కారు కొనుక్కొచ్చాడు. తెల్ల కారు. నాకప్పుడు పదేళ్ళు. నన్ను కన్న కొద్దిరోజులకే మా అమ్మ పోవడంతో, పిల్లలు లేని పెదనాన్న, పెద్దమ్మ నన్ను తమ దగ్గరే పెంచుకున్నారు. ఆ కారును చూసుకున్నంత ముద్దుగా ఆయన చూసుకున్న వస్తువు ఆ ఇంట్లో అంతకుముందు ఏదీ లేదు.

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొని, రంగు చెడకుండా ఏదో పూత వేయించాలని గుంటూరులో ఒక షాపులో మూడు రోజులు వదిలిపెట్టి వచ్చింది. అప్పుడు మాకు అలాంటి షాపులు ఎక్కడివి? పెదనాన్నా నేనూ కలిసి ఆ పని చేసేవాళ్ళం. దుమ్ము మీద పొడిగుడ్డ పెడితే గీతలు పడతాయని, ముందు నీళ్ళు పోయడం నేర్పాడు. తర్వాత మెత్తటి పాత పంచె ముక్కతో తుడవాలి. ఆరాక డబ్బాలోని మైనం పల్చగా రాసి, మన ముఖం కనిపించేదాకా రుద్దాలి. సీట్లకు కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ తీయనిచ్చేవాడు కాదు. మిరపకాయలు ఆరబోసిన కల్లంలోంచి వచ్చినవాళ్ళెవరూ కారు ముట్టుకోకూడదు. కారం అంటిన చెయ్యి తగిలితే ఆ మరక పోదనేవాడు. నిజంగా పోదో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ కల్లంలో పొద్దస్తమానం ఉండేది పెద్దమ్మే. ఎండిన కాయల్లోంచి రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళతో పాటు కూర్చుని తనూ ఏరేది. కారు వచ్చి నెల దాటినా ఆమె అందులో ఎక్కలేదు. కల్లం పని అవ్వగానే మంగళగిరి తీసుకెళ్ళి, కొండ మీద స్వామి దర్శనం చేయించి, చీర కొనిపెడతానని పెదనాన్న అన్నాడు. ఆ సంగతి ఆమె కల్లంలో అందరికీ చెప్పుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను కారు తలుపులన్నీ తెరిచి లోపల తుడుస్తున్నాను. పెద్దమ్మ వేళ కాని వేళ కల్లంలోంచి వచ్చింది. ముఖమంతా చెమట. కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"కాసేపు కూర్చుంటానే. ఎందుకో నీరసంగా ఉంది," అంది.

"వద్దు పెద్దమ్మా. నీ చీరంతా కారం. పెదనాన్న తిడతాడు," అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. తలుపు మీద పడ్డ మరక చూసి, నా చేతిలోని తడిగుడ్డ తీసుకుని తనే తుడిచింది. "నిజమేలే," అని వెళ్ళి గోడ పక్కన నేల మీద కూర్చుంది. నేను మళ్ళీ నా పనిలో పడ్డాను. చాలాసేపటికి తల తిప్పి చూస్తే పక్కకి ఒరిగిపోయి ఉంది.

నా కేకకి పెదనాన్న పరుగెత్తుకొచ్చాడు. చేతుల మీద ఎత్తుకుని కారు దగ్గరికి తెచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచింది.

"ఏవండీ, దుప్పటి పరవండి. సీటు పాడవుద్ది," అంది.

పెదనాన్న దుప్పటి కోసం వెళ్ళలేదు. ఆమెను నేరుగా సీటు మీద పడుకోబెట్టాడు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కారు కుదిపినప్పుడల్లా ఆమె కింద ప్లాస్టిక్ చప్పుడయ్యేది. ప్రత్తిపాడు దాటాక ఎక్కడో, ఆమె చెయ్యి నా చేతిలో బరువైపోయింది. ఆ మాట పెదనాన్నకి చెప్పలేకపోయాను. ఇంకొంచెం దూరమే, వచ్చేశాం అంటూ గుంటూరు ఆస్పత్రి దాకా ఆయన ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు.

పెద్దకర్మ అయ్యేదాకా నేను ఎవరితోనూ నోరు విప్పలేదు. ఆ మర్నాడు పొద్దున పెదనాన్న సీట్ల మీది ప్లాస్టిక్‌ను కత్తితో కోసి తీస్తుంటే, దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"నీ తప్పు కాదమ్మా. ఆ మాట నీకు నేర్పింది నేను," అన్నాడు.

"కూర్చోనిస్తే బతికేదా?" అని అడిగాను.

"తెలీదు. కానీ కూర్చునేది కదా," అన్నాడు.

నన్ను ఓదార్చడానికి, ఎలాగైనా బతికేది కాదులే అని ఉంటే నమ్మేదాన్ని. ఆయన అలా అనలేదు. తప్పంతా తన మీద వేసుకున్నాడు గాని, పదేళ్ళ పిల్లకి కూడా అబద్ధం చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు కల్లం ఆడవాళ్ళని కారెక్కించుకుని వాళ్ళ ఇళ్ళ దగ్గర దించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎవరు వచ్చి గుమ్మంలో నిలబడినా, ఏ పని మీద వచ్చారని అడక్కముందే కూర్చోమంటాను. ఇంట్లోవాళ్ళు అది నా మంచితనం అనుకుంటారు. ఒక మధ్యాహ్నం ఒక్క మనిషితో అనాల్సిన మాట అది. అప్పటినుంచీ అందరితోనూ అంటూనే ఉన్నాను, ఆమెతో తప్ప.