కండెల కూలి

కాస్ట్ అకౌంటింగ్ చదివి, గద్వాలలో ఒక చీరల సేటు దగ్గర చేరిన కొత్త. "నేతోళ్లకు కూలి పెంచాలె. చీరకు ఎంత పనైతదో అడిగి రాసుకరా బిడ్డా" అన్నాడు సేటు.

సంబరంగా, మాకు చీరలు నేసే పద్మక్క ఇంటికి వెళ్లాను. "మగ్గానికి నూలు కండెలు మా అత్తనే చుడ్తది. బయటోళ్లతోని పనే లేదు" అందామె గర్వంగా.

అత్త పనికీ కూలి కట్టి లెక్క ఇచ్చాను. సేటు ఆ వరుస కొట్టేశాడు. "ఇంట్ల ముసలామె చేసేదానికి కూలేంది? ఇంట్లనే చుట్టుకుంటరని నీ లెక్కతోనే తెలిసింది" అంటూ, ఇన్నాళ్లూ ఇస్తున్న కండెల కూలి అందరికీ ఆపేశాడు.

ఉద్యోగం మానేసి, జరిగింది చెప్పుకుందామని పద్మక్క ఇంటికి పరుగెత్తాను. నన్ను చూడగానే ముసలామె రాట్నం ఆపేసింది. "నేను చుడ్తలేను బిడ్డా, ఊకనే కూసున్న. గట్లనే రాసుకో."

సేటు నన్నూ మోసం చేశాడని ఆమెకెలా చెప్పను? ఇప్పుడు ఎవరు లెక్క అడిగినా, దేనికని ముందు అడుగుతాను.