గింజల చప్పుడు విన్న మా సారు

మా సారు పోయారు. మంగళవారం ఉదయం ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సారు టీ తాగి కుర్చీలో కూర్చునే వెళ్లిపోయారమ్మా" అన్నారు. అప్పుడు నేను త్రాసు ముందు నిలబడి ఉన్నాను. తూస్తున్న గింజల బరువు రాసుకుని, డబ్బాకు మూత పెట్టి, ఆ తర్వాతే ఏడ్చాను. పని మధ్యలో వదలకూడదని నేర్పింది ఆయనే.

జగదల్‌పూర్‌లో విత్తనాల మీద పనిచేసే ఒక చిన్న పరిశోధనా కేంద్రంలో ఆయన శాస్త్రవేత్త. ఆయన దగ్గర ప్రయోగశాలలో సహాయకురాలిగా పద్నాలుగేళ్లు పనిచేశాను. నాది ఆ వైపే మద్దేడ్ అనే ఊరు. ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ లైనుకు వచ్చి స్థిరపడిన రైల్వే కుటుంబం. చేరిన రోజు నేను "ఏం చేయాలె సార్?" అని అడిగితే, "ఏటి చెయ్యాలో నాకూ పూర్తిగా తెలీదమ్మా, ఇద్దరం చూద్దాం" అన్నారు. అంత చదువుకున్న మనిషి తెలీదని చెప్పడం నేను అంతకు ముందు వినలేదు.

ఆయనకు పట్టని విషయం ఉండేది కాదు. ఆదివారం పొద్దున చర్చిలో హార్మోనియం వాయించేవారు. అది మొరాయిస్తే ఆయనే విప్పి బాగుచేసేవారు. అక్కడి నుంచి నేరుగా సంతకు పోయి, గింజలమ్మే ఆడవాళ్ల పక్కన గోనెపట్టా మీద కూర్చుని వాళ్లు మాట్లాడే హల్బీ భాష నేర్చుకునేవారు. వెదురు బుట్టలు అల్లడం నేర్చుకుంటానని మొదలుపెట్టి మూడు అల్లారు. మూడూ వంకరే. ఒకసారి ఒక పై అధికారి నా ఎదుటే, "ఈ తిరుగుళ్లు మానేసి ఉంటే ఈపాటికి మీరు ఎక్కడో ఉండేవారు" అన్నాడు.

తిరుగుడు చూసినవాళ్లకు ఆయన కూర్చోవడం తెలియదు. తొమ్మిదింటికి వచ్చేవారు. మొదటి గంట ఎవరు పిలిచినా పలికేవారు కాదు. ప్రయోగం చేసే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో రాసుకునేవారు. ఊహ తప్పితే కొట్టేసేవారు కాదు. "కొట్టేస్తే మన బుర్ర ఎక్కడ పక్కదారి పట్టిందో మరి తెలీదమ్మా" అనేవారు.

ఆయన ఊహ ఒకసారి చాలా ఖరీదుగా తప్పింది. మినుముల విత్తనం పురుగు పట్టకుండా దాచుకోవడానికి మరైగూడ అనే ఊళ్లో గాలి చొరబడని రేకు డబ్బాలు ఇప్పించారు. ఆ ఏడు వానలు పడ్డాక మూతలు తీస్తే లోపల బూజు. ఊళ్లోవాళ్లు పచ్చి ఆరకుండానే గింజలు పోసి బిగించారు. విత్తిన దాంట్లో సగం మొలవలేదు. మేమిద్దరం ఊరికి పోయేసరికి ఒక పెద్దావిడ డబ్బా తెచ్చి సారు ముందు బోర్లించింది.

"మా వెదురు గుమ్మిల ఏసుకుంటే పురుగు కొంత తినేది, మాకు కొంత మిగిల్చేది. నీ డబ్బా ఏంది సారు, మొత్తం మింగింది!"

"తప్పు నాదేనమ్మా. బాగా ఎండాలని చెప్పాను గానీ, ఎండిందో లేదో మీకు ఎలా తెలుస్తుందో ఆలోచించలేదు" అన్నారాయన. ఆ ఊరికి కావలసిన విత్తనం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగి, తెచ్చి ఇచ్చాకే మళ్లీ నిద్రపోయారని నేను అమ్మగారని పిలిచే ఆయన భార్య నాతో చెప్పారు.

తేమ కొలిచే యంత్రం మా దగ్గర ఉంది. ఊళ్లో లేదు. యంత్రం లేకుండా ఎలా? రెండేళ్లు ఆ ఒక్క ప్రశ్నే. కొరికి చూశాం, ఉప్పుతో కలిపి చూశాం, గోరుతో గిచ్చి చూశాం. ఏదీ ఆయనకు నచ్చలేదు.

ఒక సోమవారం ఆయన తొమ్మిదికి ముందే వచ్చి, మొదటి గంట నియమం తనే తప్పి నన్ను పిలిచారు. ముందురోజు సంతలో ఒక ముసలామె మినుములు కొనేముందు గిన్నెలో వేసి చెవి దగ్గర ఆడించి, వద్దని పోయిందట. "గింజ పచ్చిగుంటే గొంతు మందంగా ఉంటాది. ఎండితే పైకెళ్తాది. వానాకాలం నా హార్మోనియం కూడా ఇంతే కదా, నేనెలా వినలేదు ఇన్నాళ్లూ!" అన్నారు.

"మీరు సంతకు పోబట్టే దొరికింది సార్" అన్నాను.

"సంతకి అందరూ వెళ్తారమ్మా. రెండేళ్లుగా మనకి అదే దిగులు కాబట్టి నా చెవిన పడింది."

ఆ తర్వాత ఏడు నెలలు రోజూ పది గంటలకు ఒక చిన్న రేకు డబ్బాలో మినుములు ఆడించాం. చప్పుడు విని ముందు మా ఊహ రాయడం, తర్వాత తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచి సరిచూడడం. మొదట్లో నాకు అన్నీ ఒకేలా వినబడేవి. కోపంతో "నాకు సంగీతం రాదు సార్" అన్నాను. "నీకు అన్నం ఉడుకుతున్న చప్పుడు తెలీదేటి?" అన్నారు. తెలుసు. నెమ్మదిగా ఇదీ తెలిసింది.

మళ్లీ మరైగూడ వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ చేతికే మినుములు వేసిన చిన్న డబ్బా ఇచ్చాం. నాలుగైదుసార్లు ఆడించింది. "ఇది ఇంకొక పొద్దు ఎండాలె" అంది. మా కొలతా అదే చెప్పింది. ఆ ఏడు అలా ఎండబెట్టి రేకు డబ్బాల్లో దాచిన విత్తనం చక్కగా మొలిచింది. మేము పొలం గట్టున నిలబడితే ఆమె సారును చూసి, "ఇప్పుడు నీ డబ్బా మంచిదే" అంది. ఆయనకు అంతకు మించిన బహుమతి వచ్చినట్టు నాకు తెలియదు.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట తిరిగి వచ్చేటప్పుడు విచిత్రంగా హల్బీ ముందొచ్చింది, తర్వాత హిందీ. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం రాలేదు. భార్యను పేరు పెట్టి పిలవలేకపోయారు. నేను చూడ్డానికి పోయి, "బాధగా ఉందా సార్?" అన్నాను. తలూపారు. తర్వాత ఎడమచేత్తో పలక మీద హిందీలో చాలాసేపు రాసి చూపించారు: "ఉంది. కానీ ముందు హల్బీయే ఎందుకొచ్చింది?"

అమ్మగారు ఆయన ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, వంటింటి వస్తువులు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తున్నారు. తెలుగులో పేరు పలికితే బల్లకు కుడివైపు పెడుతున్నారు. నేను లేచేసరికి అటువైపు ఉల్లిపాయ, గరిటె, నిమ్మకాయ ఉన్నాయి. ఆవిడ ఒక పచ్చిమిరపకాయ తొడిమ పట్టుకుని ఎత్తి చూపిస్తున్నారు. ఆయన పెదవులు కలుపుతున్నారు, విడదీస్తున్నారు. ఇద్దరికీ తొందర లేదు.