చిన్నరాములు మిలిటరీ కొలువు

పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండిపెట్టే మొగులమ్మ మాటంటే మాటే. ఆమె భర్త చిన్నరాములు పదిహేనేళ్లు మిలిటరీలో చేసి, ఇంటికొచ్చిన మూడో ఏడు జబ్బుతో పోయాడు. సరిహద్దులో తుపాకీ పట్టాడని క్యాంటీనంతా నమ్మింది. నమ్మించింది మొగులమ్మే. నిజానికి ఆయన అక్కడ వంటవాడు. కొండాపూర్ దగ్గరి సొంతూళ్లో "రొట్టెలు కాల్చనీకి గంత దూరం బోవాల్నా?" అని నవ్వితే తల వంచుకుని పోయేవాడు. ఆ వంచిన తలను ఆమె మరిచిపోలేదు. అందుకే పటాన్‌చెరు వచ్చాక, పోయినాయన చేతికి ఒక తుపాకీ ఇచ్చింది. ఎవరి సొమ్ము పోయింది?

1999లో పంద్రాగస్టుకు వర్కర్లు నాటకం కట్టారు. జవాను వేషం ఫిట్టర్ లింగానిది. అతను వాచ్‌మన్ దగ్గర తీసుకున్న ఖాకీ చొక్కా తొడుక్కుని క్యాంటీన్‌కు వచ్చాడు.

"గది పోలీసోళ్ల రంగు, అల్లుడా! మిలిటరీది పచ్చగుంటది," అంది మొగులమ్మ.

అంతే, లింగం నోట్‌బుక్ తీసి కూర్చున్నాడు. "నా వేషం అచ్చం జవాను లెక్కనే ఉండాలె అత్తా. మామది ఏం తుపాకి? గోలీలు ఎట్ల నింపుతుండె?"

తప్పు చెబితే వీడు అందరి ముందూ నవ్వులపాలవుతాడు. నిజం చెబితే చిన్నరాములు మళ్లీ నవ్వులపాలవుతాడు. మొగులమ్మ సాంబారులో గంటె చాలాసేపు తిప్పింది.

"తుపాకి సంగతి నాకు తెల్వది. మీ మామ అక్కడ వంట చేసిండు," అంది చివరికి. అన్నాక ఇక ఆగలేదు. "మంచుకొండల మీద కుక్కర్ లేకుంటే పప్పు ఉడకదట. చేతులు కొంకర్లు పోతున్నా పిండి పిసుకుతుండెనట. ఇంటికొచ్చినా గదే అలవాటు. 'అందరు తిన్నరా?' అని అడగంది ముద్ద ముట్టకపోతుండె."

లింగం నవ్వలేదు. అంతా రాసుకున్నాడు.

పంద్రాగస్టు రానే వచ్చింది. మొగులమ్మ ముందు వరుసలో కూర్చుంది. లింగం పచ్చచొక్కాతో వచ్చాడు, చేతిలో తుపాకీ లేదు. పోరు నుంచి తిరిగొచ్చిన జవాన్లకు ఒక్కొక్కరికీ రొట్టె వడ్డించాడు. "అందరు తిన్నరా?" అని అడిగాడు. ఒక పళ్లెం మిగిలింది. ఆ జవాను పోరు నుంచి తిరిగి రాలేదు. లింగం తన రొట్టె ఆ పళ్లెంలో పెట్టి, తినకుండా పక్కన కూర్చున్నాడు.

అప్పటిదాకా ఈలలేస్తున్న బీహారు కూలీలు సైతం ఈల మరిచిపోయారు. మొగులమ్మకు కన్నీళ్లు ఆగలేదు, ఆమె ఆపుకోనూ లేదు.

క్యాంటీన్‌లో తోడు పనిచేసే నర్సింహమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. "మీ ఆయన గూడ మిలిటరీనే గద. తుపాకి పట్టిండన్నవ్?"

"ఒట్టిదే," అంది మొగులమ్మ, వెనక వరుసదాకా వినబడేలా. "రొట్టెలు చేసిండు."