ఫ్లెక్సీ చిరిగేలోగా

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో, పెరట్లో కుండపోతగా వాన మొదలైంది. బండల మీద బస్తాలకొద్దీ శనక్కాయలు గుమ్మరించినంత చప్పుడు. గుంతకల్లులో ఇలాంటి వాన చూసి ఎన్నేళ్ళయిందో అని రాయబోయి కలం ఆపాను. అది కుండపోత కాదు. కట్టెల మోపు తడవకుండా కప్పిన పాత ఫ్లెక్సీ మీద నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. ఫ్లెక్సీ గుణమే అది. నాలుగు చినుకులకు నలభై పడ్డట్టు మోగుతుంది. ఆ విషయంలో దానికీ నాకూ దగ్గరి చుట్టరికం. దాని మీద ఉన్నది నా బొమ్మేనని కూడా రాద్దామనిపించింది. కాదు, ఎవరో వార్డు నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. నాది చిరిగిపోయి చాలా కాలమైంది. కానీ నాకూ ఒకప్పుడు ఒక ఫ్లెక్సీ ఉండేది. పొద్దున దాని కిందుగా నడిచిపోయి రైలెక్కి, సాయంత్రం మళ్ళీ దాని కిందుగా తల వంచుకుని ఇంటికి వచ్చిన రోజులున్నాయి. ఆ చప్పుడు వింటే నాకు నా బొమ్మ గుర్తుకు రాదు, ఎస్తేరు మేడమ్ గుర్తుకొస్తుంది.

గుంతకల్లు రైల్వే ఉద్యోగుల్లో సగం మందికి టైపు నేర్పింది నేనే. సగం అన్నది నా లెక్క. మా ఆవిడ లెక్కలో ఆ సంఖ్య మా వీధి దాటదు. ఏమైనా నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, తొంభైల చివర్లో కంప్యూటర్లు వచ్చి దాన్ని మింగేశాయి. మిషన్లు పాత ఇనుముకు పోయాయి. నేను మాత్రం పోకుండా, యాభైకి దగ్గరపడిన వయసులో మౌస్ పట్టడం నేర్చుకుని అనంతపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. ఎరువుల అంగడి మేడ మీద ఆఫీసు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన. రోజూ రైల్లో పోయి రావడం. ఆ ఆఫీసు పెద్ద ఎస్తేరు మేడమ్. కంబదూరు పిల్ల. వాళ్ళమ్మానాయనా కూలికి పోయి చదివించారు. బెంగళూరులో కొన్నేళ్ళు పనిచేసి, అక్కడి పనే ఇక్కడ కూర్చుని చేయొచ్చని చూపిస్తానని తిరిగి వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. నేను మేడమ్ అనేవాణ్ణి, ఆమె అన్నా అనేది. మా వైపు అన్నా అని పిలిచాక మీరు అంటే పరాయితనం, కనుక ఏకవచనమే.

అక్కడ చేసే పనిని పర్ఫార్మెన్స్ టెస్టింగ్ అంటారు. ఒక వెబ్‌సైటు మీదికి ఒకేసారి వందలమంది వచ్చి పడితే అది నిలబడుతుందా, చతికిలబడుతుందా అని ముందే చూసి చెప్పడం. నిజం మనుషులను తేలేం కాబట్టి కంప్యూటరే ఉత్తుత్తి మనుషులను పుట్టించి పంపుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది. లేనివాళ్ళను ఉన్నట్టు చూపించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

నన్ను ఆ పనిలోకి తెచ్చింది నేను చేసిన ఒక టైపు పనే. ఏదో కాలేజీ ఫలితాల వెబ్‌సైటును పరీక్షించి మేడమ్ రాసిన రిపోర్టును టైపు చేయమని ఇచ్చింది. అందులో రద్దీ పెరిగేకొద్దీ సైటు నెమ్మదించిందని ఉంది. మరీ బోసిగా ఉందనిపించి, ‘అయినప్పటికీ ఎంతటి రద్దీనైనా నిబ్బరంగా తట్టుకోగలదు’ అని ఒక వాక్యం చేర్చాను. ఆమె కాగితం చదివి నన్ను పిలిచింది.

“ఈ మాట ఎవరు చెప్పినారన్నా?”

“నేనే మేడమ్. చదివేదానికి బాగుంటాదని.”

“సైటు తట్టుకున్నేది నువ్వు చూసినావా?”

నేను చూడలేదు. ఆ మాటే ఒప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె కాగితం తిరిగిచ్చి, “అబద్ధం యాడ అతికిస్తే అతుక్కుంటాదో నీకు బాగా తెలుసు. ఇంకొకరు అతికించినా నీకే ముందు కనపడతాది. రేపటి నుంచి టైపు మానేసి నా పక్కన కూర్చో,” అంది. దొంగకు తాళం బాగోగులు తెలుస్తాయి కదా, ఆ లెక్కన నన్ను పనిలోకి తీసుకుంది.

కూర్చోబెట్టి నేర్పింది తక్కువ, తిప్పి చూపించింది ఎక్కువ. ఒక జూన్‌లో పొద్దున్నే నన్ను మార్కెట్ యార్డుకు తీసుకుపోయింది. సబ్సిడీ మీద శనక్కాయ విత్తనాలు ఇచ్చే రోజులు. షట్టరు ఇంకా లేవలేదు. దాని ముందు మనుషులు కొంతమందే ఉన్నారు, వాళ్ళ వెనక మాత్రం గేటు దాకా చెప్పులు, రాళ్ళు, ఖాళీ సంచులు వరసగా ఉన్నాయి.

“ఎంతమంది ఉండారన్నా?” అంది.

“వెయ్యిమందికి తక్కువుండరు మేడమ్.”

“చూసినావా?”

మళ్ళీ చూశాను. “మనుషులు వందకు మించి లేరు. తక్కినవి చెప్పులు.”

“మరి చెప్పుల్ని లెక్కలో వేసుకుంటావా, వదిలేస్తావా?”

చెప్పులు మనుషులా అని నవ్వి ముందుకు అడుగు వేశాను. వేసింది సరిగ్గా ఒక పాత తోలుచెప్పు మీద. పక్కనే గొంతుక్కూర్చున్న రైతు తలెత్తాడు.

“ఏమప్పా, కండ్లు కనపళ్ళేదా? మా నాయన్ను తొక్కుతాండావు.”

“మీ నాయన యాడుండాడు?”

“కంబదూర్లో పండుకోనుండాడు. మొదటి బస్సుకొస్తాడు. వచ్చేదాకా ఆయన ఈడున్నట్టే. కాలు తియ్యి.”

మేడమ్ నవ్వలేదు. షట్టరు లేచేదాకా ఉండమంది. షట్టరు లేచింది. వేపచెట్ల నీడ నుంచి, టీ బంకుల దగ్గరి నుంచి, ఆగిన లారీల కింది నుంచి జనం లేచి వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్ళు కాళ్ళు పెట్టారు. ఒక్క నిమిషంలో వరస అంతా మనుషులతో నిండి, వెనక నుంచి తోపులాట మొదలైంది, కౌంటరు దగ్గరి కొయ్యలు వంగాయి. తిరిగి వస్తూ ఆమె అంది: “వెబ్‌సైటు కాడ కూడా ఇంతే. పేజీ తెరిచిపెట్టి టీకి పొయ్యేటోడు ఉంటాడు. వాడు ఏమీ నొక్కకపోయినా వాని చెప్పు ఆడ ఉండాది. అందరూ ఒకేపారి లేచొచ్చేదాన్ని మనం చూడాల.” ఆ వాక్యాన్ని నేను తర్వాత చాలామందికి నా సొంత వాక్యంగా చెప్పాను.

అలా రెండేళ్ళు గడిచాక, మాకు పని పంపే బెంగళూరు కంపెనీ ఒక కొత్త నియమం పెట్టింది. ప్రతి రిపోర్టు మీద సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళవి రెండు సంతకాలు ఉండాలి. మేడమ్‌కు సర్టిఫికేషన్ ఉంది. రెండో సంతకం లేదు. దసరా దాకా ఆగుతాం, ఆ తర్వాత పని బెంగళూరుకే తెచ్చుకుంటాం అన్నారు. పని పోతే ఆఫీసులోని తక్కిన పిల్లలు దాని వెంట పోగలరు. నేను పోలేను, యాభై దాటిన టైపిస్టును అక్కడ ఎవరూ రానివ్వరు. మేడమ్ పోగలదు, కానీ పోతే అనంతపురంలో ఈ పని కాదన్నవాళ్ళ మాటే నిలుస్తుంది. అప్పటికి ఈ పని బాగా తెలిసిన రెండో మనిషిని నేనే. కాబట్టి పరీక్షకు నేనే పోవాలి.

పరీక్ష బెంగళూరులో. మొదటి భాగం ప్రశ్నలు, జవాబులు. అందులో నెగ్గినట్టు అక్కడికక్కడే తెరమీద కనిపించింది. రెండో భాగం పని చేసి చూపించడం. ఒక వెబ్‌సైటు ఇచ్చి, ఒకేసారి వెయ్యిమంది వస్తే తట్టుకుంటుందో లేదో రిపోర్టు రాయమన్నారు. వాళ్ళిచ్చిన మిషన్ వందమంది ఉత్తుత్తి మనుషులను మాత్రమే పుట్టించగలదు. వందమందికి సైటు చక్కగా నిలబడింది. ‘దీనికి పదింతలు వచ్చినా ఇంతే చక్కగా నిలబడును’ అని రాసి, కింద గీత గీసి లేచి వచ్చాను. ఫలితం కొన్నాళ్ళకు తెలుస్తుందన్నారు. నాకైతే తెలియాల్సిందేమీ మిగలలేదనిపించింది.

గుంతకల్లులో రైలు దిగగానే ఖాజా ఎదురయ్యాడు. నా దగ్గర టైపు నేర్చుకుని, అప్పుడప్పుడే ఊళ్ళోకి వచ్చిన ఫ్లెక్సీల వ్యాపారంలో దిగినవాడు.

“సార్, పరీక్ష పాసయినారా?”

“అయినట్టేలేప్పా,” అన్నాను. అక్కడితో ఆపి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పని ఉండేది కాదు. “బెంగళూరు మొత్తానికి మొదటోన్ని,” అని కూడా అన్నాను.

రెండు రోజులకు స్టేషన్ రోడ్డులో నా బొమ్మ లేచింది. నేనెప్పుడూ పెట్టుకోని నల్ల కళ్ళద్దాలు ఖాజా కంప్యూటర్లో పెట్టించాడు. ‘పర్ఫార్మెన్స్ టెస్టింగ్‌లో బెంగళూరును జయించిన మా గురువుగారు నరసింహులు గారికి శుభాభినందనలు’ అని రాయించాడు. గురువు అన్న అక్షరాల కంటే అతని అంగడి పేరు పెద్దది. నేను వద్దనలేదు. రెండు పూటలా అటువైపుగానే నడిచాను.

ఫలితం వచ్చింది. రెండో భాగంలో తప్పాను, దసరాకు ముందు ఇంకోసారి రాసే వీలుంది. కారణం ఒక్క ముక్కలో ఇచ్చారు: చూడనిదాన్ని చూసినట్టు రాశారు. మేడమ్ అది చదివి కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి సోమవారం పక్కన కూర్చుని, తెరమీదే చూస్తూ అంది:

“నిన్న విడపనకల్లుకు మా పెద్దమ్మోళ్ళ ఇంటికి పోతా గుంతకల్లులో దిగినా. స్టేషన్ రోడ్డులో నిన్ను చూసినా. కళ్ళద్దాలు బాగుండాయి.”

భూమి చీలితే బాగుండనిపించింది. “ఈ సాయంత్రమే పీకిస్తా మేడమ్.”

“ఎందుకన్నా? ఆషాఢం గాలి మొదలైంది. ఎంతకు చిరుగుతాదో చూద్దాం. అదీ టెస్టే కదా. చిరిగేలోగా నువ్వు పాసయితే, ఆడ రాసింది సగమన్నా నిజమైతాది.”

“చిరిగినాక పాసయితే?”

“అప్పుడు అది నీకూ నాకూ మాత్రమే తెలుస్తాది.”

మా వైపు ఆషాఢం గాలి సంగతి వేరే చెప్పాలా. ఇళ్ళ మీది రేకులు ఎగిరి పక్క జిల్లాలో పడతాయి. పక్క జిల్లా కాదు, పక్క వీధి. ఆ గాలిలో నా ఫ్లెక్సీ పగలంతా డప్పులా మోగేది. కింద పోయే జనం ఆపి అభినందించేవాళ్ళు, ఒక రైల్వే గార్డు తన కొడుకును నా కింద పెట్టుకోమని అడిగాడు. ఏమీ కాని మనిషి కింద ఇంకొకణ్ణి ఎట్లా పెట్టుకోను? చూద్దాంలేన్నా అని తప్పించుకున్నాను. ముందు ఒక మూల తాడు తెగింది, తర్వాత నా చెవి దగ్గర చీలిక వచ్చింది. రోజూ ఆ చీలిక ఎంత పెరిగిందో చూసుకుని రైలెక్కేవాణ్ణి, దిగి మేడమ్‌కు చెప్పేవాణ్ణి. మొదట్లో, “మెడదాకా చిరిగింది మేడమ్,” అంటే, “చూసినావా?” అనేది. తర్వాత్తర్వాత చూసినంతే చెప్పడం అలవాటైంది. “చెవి దాటింది. మెడకు ఇంకా జానెడు ఉండాది.” “సరే, పని చూడు,” అనేది. ఆమె నాతో ఆ ఫ్లెక్సీని కొలిపించినంత కాలం పరీక్షకే చదివించిందని నాకప్పుడు తెలియలేదు.

మళ్ళీ బెంగళూరు పోయాను. వేరే సైటు, అదే రకం ప్రశ్న. ఈసారి ఉత్తుత్తి మనుషుల్లో సగం మందిని లోపలికి పంపి ఊరికే కూర్చోబెట్టాను. చెప్పులు పెట్టించానన్నమాట. తర్వాత షట్టరు లేచినట్టు అందరినీ ఒకేసారి లేపాను. సైటు తడబడింది. ఇంకొంతమందిని పెంచాను. అప్పుడు సైటు కంటే ముందు నా మిషనే రొప్పడం మొదలుపెట్టింది. దాని బడలికను సైటు మీదికి నెట్టి, కుప్పకూలిపోయిందని రాస్తే రిపోర్టు రసవత్తరంగా ఉండేది. చెయ్యి దురద పెట్టింది. అయినా ఆపుకుని, ‘ఇంతవరకు సైటును చూశాను. దీని తర్వాత నా మిషన్ అలిసిపోయింది, కాబట్టి ఆ పైన సైటు సంగతి నేను చూడలేదు’ అని రాశాను. బయటికి వస్తూ ఈసారి కచ్చితంగా తప్పానని అనుకున్నాను. చేతకానితనాన్ని నా చేత్తో నేనే రాసి ఇచ్చాను కదా.

పాసయ్యాను. ఫలితం వచ్చిన రోజే స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీ పెళ్ళున చిరిగి నా కాళ్ళ ముందు పడింది. ఈ ముక్క నేను చాలా పెళ్ళిళ్ళలో చెప్పాను, విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజానికి అది అంతకు ముందు వారమే పడిపోయింది. ఖాజా దాన్ని తీసుకుపోయి మేకల కొట్టం మీద కప్పుకున్నాడు. నిజంగా పాసయిన సంగతి చెబితే అతను, “ఇంకోటి కొట్టించేదా సార్?” అన్నాడు.

“ఏమని కొట్టిస్తావప్పా? మళ్ళీ పాసయినాడనా?”

అతను ఆలోచించి, నిజమే సార్ అన్నాడు. ఊళ్ళో అప్పటికే అభినందనలు అయిపోయాయి. నిజమైన పాసుకు ఎవరూ ఒక్క మాట అనలేదు. అనంతపురంలో మాత్రం మేడమ్ నా రిపోర్టు నకలు మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగింది. “చూసినానన్నా,” అంది. బెంగళూరుకు పోవాల్సిన రిపోర్టొకటి నా ముందుకు జరిపి, తన సంతకం పక్కనున్న ఖాళీలో వేలు పెట్టింది. “ఈడ పెట్టు.”

పని మాతోనే ఉంది, కొన్నేళ్ళు. తర్వాత అందరి పనీ పోయినట్టే అదీ బెంగళూరు దారి పట్టింది, ఆ వెనకే మేడమ్ కూడా. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఇప్పుడు అక్కడే ఏదో పెద్ద ఉద్యోగం. ఎంత పెద్దదో నాకు తెలియదు, కనుక రాయను.

మా వైపు మబ్బు పట్టిందని తెలిస్తే ఆమె ఫోను చేస్తుంది. ఇందాక చినుకులు ఆగాక చేసింది.

“అన్నా, ఆ పక్క వానంట. పడిందా?”

పెరట్లో ఫ్లెక్సీ చప్పుడు చెవుల్లో ఇంకా ఉంది. బ్రహ్మాండంగా పడింది మేడమ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. “ఉండు మేడమ్,” అని ఫోను చేత్తోనే పట్టుకుని పెరట్లోకి పోయి, కట్టెల పక్కన వంగి, మట్టిలోకి చూపుడువేలు గుచ్చాను.

“గోరు తడిసింది మేడమ్. వేలు తడవలేదు.”

“సరే,” అంది. చూసినావా అని అడగలేదు.