గోడ మీది ఎండ

కెనడాకి వచ్చే విమానాలు స్టూడెంట్లతో కిటకిటలాడిన ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి నా తెలివి, రెండోది జూన్ నెల. జనవరిలో ఒంటారియోలోని సార్నియా కాలేజీలో చేరి, ముక్కు ఊడి చేతికొస్తుందేమో అన్నంత చలి భరించినవాణ్ణి, జూన్‌లో ఎండ దానంతటదే వస్తుందనుకోవడంలో తప్పేముంది చెప్పండి? (భీమిలిలో పుట్టినవాడికి ఎండ జన్మహక్కు.) ఆ ఎండ నాకు కావలసింది మాగాయ కోసం. అమ్మమ్మ మాగాయ లేని మొదటి వేసవి అది. బెంగ పట్టలేక, టొరంటో వెళ్లిన సీనియర్ చేత పచ్చి మామిడికాయలు తెప్పించి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరేశాను. ఇక ఎండబెట్టడమే మిగిలింది.

సరిగ్గా ఆ వారమే కొత్త అద్దింట్లోకి మారాను. అక్కడ నాతో కలిపి ముగ్గురం. ఒకడు కరీంనగర్ తమ్ముడు. రెండో ఆయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి వచ్చినవాడు, మాకంటే పదేళ్లు పెద్ద. ఏ మాట మొదలెట్టినా వాళ్ల ఊరి సముద్రం దగ్గరే తేలేవాడు కాబట్టి, మాకు సముద్రం అన్న. వంటింటి గోడకి ఒక పాత టాబ్లెట్ తగిలించి ఉండేది, అందులో ఎప్పుడూ వెదర్ కనిపించేది. ఆ పొద్దున చూస్తే ఇరవై ఎనిమిది డిగ్రీలు, పక్కనే పసుపుపచ్చని సూర్యుడు. పైన అరబిక్‌లో ఏదో ఉంటే కంపెనీ పేరు కాబోలనుకున్నాను. బయటేమో చలి, మబ్బు. అయినా గోడే చెప్పాక ఇంకేం? పెరట్లో చెక్క అరుగు మీద దుప్పటి పరిచి, ముక్కలన్నీ ఆరేసి, పార్ట్‌టైమ్ షిఫ్ట్‌కి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, నీ మాగాయ ఈత కొడుతున్నది. జల్ది రా!"

"అదేంట్రా, ఇరవై ఎనిమిది అనుంది కదా!"

"అది ఈడిది కాదే అన్నా, సముద్రం అన్నోళ్ల ఊరిది. నీకెవ్వలు చెప్పలేదా?"

పరుగున వెళ్లేసరికి ముక్కలు ఉప్పూ పసుపూ కడిగేసుకుని పాలిపోయి, దుప్పటి మడుగులో తేలుతున్నాయి. ఏడుపొచ్చింది. ఒళ్లు మండి టాబ్లెట్‌లో ఆ ఊరు తీసేసి సార్నియా పెట్టాను. తొమ్మిది డిగ్రీలు, వాన.

మర్నాడు పొద్దున సముద్రం అన్న టీ కప్పుతో వచ్చి, గోడ చూసి ఆగిపోయాడు. "ఎవరు మార్చారు?" అన్నాడు ఇంగ్లీషులో.

"నేనే. నీ ఎండని నమ్ముకుంటే నా పచ్చడి నాశనమైంది" అన్నాను.

మూడుసార్లు సారీ చెప్పాడు. తర్వాత మెల్లగా, "హబీబీ, జూన్ మొదట్లో సాయంత్రాలు మాకు సముద్రం గాలి వస్తుంది. మా చెల్లెలు బాల్కనీ తలుపులు తీసి అక్కడే భోజనం పెట్టేది. నాలుగేళ్లయింది. ఇక్కడి ఇమిగ్రేషన్ పేపర్లు వచ్చేదాకా వెళ్లలేను. రోజూ పొద్దున అది ఒకసారి చూసుకుని, ఇందులోకి బయల్దేరతాను" అని కిటికీ వైపు చూపించాడు. టీ తాగకుండానే పనికి వెళ్లిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు మామిడి ముక్కల కోసం ఒక మనిషికి ఊరు లేకుండా చేశానే! ఆ రోజు క్లాసు ఎగ్గొట్టి ఆ ఊరు మళ్లీ పెట్టాను. (మొదటిసారి ఒంటారియోలోనే అదే పేరున్న ఇంకో ఊరు వచ్చింది. అక్కడా వానే!) సాయంత్రం అన్న చూసి నా భుజం తట్టాడు. మర్నాడు చూద్దును కదా, అలెగ్జాండ్రియా కింద ఇంకో వరస: భీమిలి, ముప్పై ఆరు, ఉక్కపోత. ఉక్కపోతని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"ఏందన్నా, ఏడుస్తున్నవా?" అన్నాడు తమ్ముడు.

"ఉల్లిపాయరా" అన్నాను. చేతిలో ఉన్నది అరటిపండు.

అన్నకి తర్వాత పేపర్లు వచ్చాయి. చెల్లెలి బాల్కనీలో భోంచేస్తూ ఒక ఫోటో పంపాడు. ఆ పైన నంబర్లు మారి, ఎవరి దారిన వాళ్లం పోయాం. ఇప్పుడు టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో పొద్దున్నే నేను ఫోన్ తీయగానే, "డాడ్, వై ఈజిప్ట్ ఫస్ట్?" అంటుంది మా అమ్మాయి. "ముందు మన వెదర్ చూడండి, పిల్లకి జాకెట్ వేయాలా వద్దా?" అంటుంది మా ఆవిడ. ఇవాళ అక్కడ ఇరవై ఎనిమిది. ఎక్కడా మబ్బు లేదు.

"మాగాయ ఆరేసుకోవచ్చు" అన్నాను.

"మీ మొహం, బయట వాన" అంది ఆవిడ.