చివరి చెంబు నీళ్ళు

సముద్రం ఒడ్డు పల్లెల్లో ఏళ్ళపాటు కాన్పులు చేసిన నన్ను, పంతొమ్మిదివందల అరవైల మొదట్లో పసిబిడ్డల సంరక్షణలో పైచదువుకు నెల్లూరు పంపినారు. ఆఖరి పరీక్ష, బిడ్డకు స్నానం. నీళ్ళు పొయ్యడానికి కూడా నాకు పరీక్షా అని ఒళ్ళు మండింది.

పరీక్ష పెట్టే డాక్టరమ్మ నవ్వి ఎరగదు. దిష్టి, తాయెత్తు అంటే మండిపడే చర్చి మనిషి. మోచేత్తో నీళ్ళ వేడి చూసి, మెడకింద చెయ్యి ఆనించి, నేర్పినట్టే టబ్బులో స్నానం చేయించినాను. బిడ్డ ఏడవనైనా లేదు. ఆ సంతోషంలో మైమరచి, మా అవ్వ చేసినట్టే చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ దిష్టి తిప్పి పక్కకు చల్లినాను. అవి పోయి డాక్టరమ్మ కాళ్ళమీద పడినాయి.

ఇంక చదువు పోయినట్టేనని ఏడుపొచ్చింది. ఆమె తడిసిన చెప్పుల వంక చూసుకుని, పోయి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మా అమ్మ కూడా పాస్టరుగారికి తెలియకుండా ఇట్లానే తిప్పేది."

నా చెంపమీదికి కారిన కాటుకను వేలికి అద్దుకుని, బిడ్డ అరికాల్లో చుక్క పెట్టింది.

"ఎవరికీ కనపడదులే. పాసైనావు, పో."