మా బావ పరువు, జిమ్మీ కాలు

ఈ పొద్దు మా అక్కాబావలను, వాళ్ల కుక్క జిమ్మీని కర్నూల్లో పశువుల డాక్టరు దగ్గరికి కార్లో తీసుకపోయినా. కుక్కల పందేనికి పరుగు నేర్పిస్తానని బావ నిన్న దాన్ని బైకు వెనకాల చేన్ల దావలో పరిగెత్తించినాడు. గట్టు దూకినప్పటి నుంచి అది వెనక కాలు కింద మోపలేకపోతాండాది.

డాక్టరమ్మ కాలు ఒత్తి చూసింది. ఎముక బాగానే ఉందనీ, తొడ కండ కొంచెం చీలిందనీ, నెల రోజులు పరుగు మాన్పించాలనీ చెప్పింది.

"ఆదివారం తిరునాళ్లలో పందెం ఉండాది మేడమ్. నొప్పి తెలీకుండా ఒక సూది ఏసి పంపండి, సాలు," అన్నాడు బావ.

"నొప్పి ఉంటేనే అది ఆగుతుంది. తెలీకుండా పరిగెత్తితే కండ మొత్తం తెగిపోతుంది."

"తెగితే తెగనీ. ఊరంతా చెప్పుకున్యా. నా పరువేం గావల్ల?"

ఎంత గొప్ప పరువో! అది నిలబడాలంటే కుక్క కాళ్లు కావాల. ఈయన మాత్రం వీధి చివర అంగడికి కూడా నడిచి పోడు.

అక్క లేచి, జిమ్మీ గొలుసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిరునాళ్ల అయిపోయేదాకా నీ ఇంట్లో పెట్టుకో. ఈ మనిషి వస్తే వాకిలి తీయొద్దు."

బావ మొహం మీరు చూడాల్సింది.

ఇప్పుడు జిమ్మీ మా వరండాలో పడుకోనుండాది. బావ సాయంత్రం నుంచి ఫోన్ చేస్తానే ఉన్నాడు. అంతా పందెం మాటే, కాలు ఎట్లుండాదని ఒక్కసారి కూడా అడగలేదు. మీరైతే ఇంకా ఎత్తుతారా? నేనైతే ఫోన్ పక్కన పడేసి, జిమ్మీకి పెరుగన్నం కలుపుతాండా.